చాసీ మీద పసుపు చుక్క

కంది,
10 మార్చి 2002.

నా బంగారు బిడ్డ దయావతికి, మీ నాయిన బర్నబా కడుపు నిండిన సంతోషంతో రాస్తున్నది.

బండి వచ్చింది బిడ్డా. నిన్న పదకొండు గంటలకు మీ అన్న సుందర్‌రాజు పటాన్‌చెరు షోరూం నుంచి తానే నడుపుకుంటూ వచ్చి మన వాకిట్లో ఆపాడు. తెల్లటి పికప్పు. మీ అమ్మ లీలమ్మ రొట్టెల పిండి కలుపుతున్నదల్లా అట్లాగే లేచి వచ్చి, ఆ పిండి చేతినే బానెట్ మీద పెట్టింది. అయిదు వేళ్ల గుర్తు పడింది. తుడుస్తామంటే నేను తుడవనివ్వలేదు.

ఫోన్లో చెప్పు నాయినా అని మీ అన్న నన్ను ఎస్టీడీ బూతుకు రమ్మన్నాడు. ముప్పై ఏళ్లు లారీల బాడీలు కొట్టీ కొట్టీ నా చెవులు ఎట్లయినవో నీకు తెలుసు. నువ్వు ఒకటి చెబితే నేను ఇంకొకటి వింటాను. ఉత్తరమే నయం, ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

ఇగ బండి సంగతి చెబుతాను, ఓపికగా చదువు. తలుపు వేస్తే మన పాత లారీల తలుపులాగా అదరదు. బియ్యం బస్తా నేల మీద దించినట్టు ఒక్కటే దెబ్బ, అంతే. నా చెవులకు అంతగా వినబడలేదు గానీ చేతికి తెలిసింది. పన్నెండుసార్లు వేసి తీసి చూశాను. వెనుక సామాను వేసే డాలా రేకును బొటనవేలితో బలంగా నొక్కాను, లొంగలేదు. తర్వాత గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. కొత్త చొక్కా అని మీ అమ్మ అరుస్తూనే ఉంది. కింద బండినంతా మోసే చాసీ ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒకే తీరు. అతుకు అతుకుకూ మిషన్ కుట్టు వేసినట్టు వెల్డింగ్. నేను బాడీ షెడ్డులో అంత తీరుగా ఒక్క గీత గీసి ఉంటే సేటు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఎవరూ చూడని చోట కూడా రంగు వేశారు బిడ్డా. మా షెడ్డులో కనబడే చోటికే రంగు సరిపోయేది కాదు.

డ్రైవర్ వైపు, ముందు చక్రం వెనుక, చాసీ మీద ఒక నంబరు కొట్టి ఉంది. దాని పక్కన శనగగింజంత పసుపు చుక్క. వేలితో తడిమి తడిమి చూశాను. పోయినేడు సెలవుకు వచ్చినప్పుడు నువ్వే చెప్పావు కదా, పూణె ఫ్యాక్టరీలో చాసీల వెల్డింగులన్నీ చూసి, బాగుంటేనే పసుపు చుక్క పెట్టి పంపడం నీ పని అని. ఈ చుక్క నీదే. అడిగే పనే లేదు. నంబరు మాత్రం ఈ కాగితం వెనుక రాశాను, చూసుకో. పాస్టరు గారు బండికి ప్రార్థన చేస్తుంటే నేను మధ్యలో ఆపి మరీ చెప్పాను. సంఘంలో ఒక్కొక్కరూ వంగి చూశారు, పాస్టరు గారు కూడా. మన పక్కింటి ఐలన్న కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, "మీ ప్రార్థన మీరు చేసుకోండ్రి, నా కాయ నేను కొట్టుకుంట" అని కొట్టి పోయాడు. ఆయనకూ చుక్క చూపించాను.

నాతోపాటు షెడ్డులో పనిచేసిన బాలప్ప ఇప్పుడు పటాన్‌చెరులో సొంత వెల్డింగ్ దుకాణం పెట్టుకున్నాడు కదా. బండిని తెమ్మంటున్నాడు. ఇక్కడి రివాజు నీకు తెలుసు. కొత్త బండి ఏదైనా మొదటి లోడు ఎత్తకముందే చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు రెండు ఎక్కువ వేయించి, చాసీకి ఇనుప పట్టీ అతికించి గట్టి చేయించుకుంటారు. చూద్దాం.

నీ చుక్క చూసి చూసి కడుపు నిండినవాడు,
మీ నాయిన.


పూణె,
19 మార్చి 2002.

నాయినా,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క బల్లవాళ్లు నన్ను వింతగా చూశారు. తలుపు పన్నెండుసార్లు వేశానని రాశావు. ఇక్కడ ఒక యంత్రం ఉంది, దాని పని అదొక్కటే, వేల సార్లు వేయడం తీయడం. నిన్ను చూస్తే అది సిగ్గుపడుతుంది.

బండి కింద నీకు నచ్చినదాని గురించి ఒక సంగతి చెప్పాలి, జాగ్రత్తగా చదువు. మా దగ్గర కొత్త రకం చాసీ చేస్తే ముందు దాన్ని ఇనుప దిమ్మెలకు కట్టి వారాల తరబడి ఊపుతారు. తర్వాత సిమెంటు బస్తాలు వేసి రాళ్ల దారి మీద తిప్పుతారు. ఒక చక్రం గుంతలో, ఇంకొకటి రాయి మీద ఉంటే చాసీ కొంచెం మెలి తిరుగుతుంది, తడిబట్ట పిండినట్టు. తిరగాలనే అట్లా చేస్తారు. తిరిగి మళ్లీ సరిగ్గా తన చోటికి వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు విరిగిపోతుందని కళ్లు మూసుకున్నాను.

దానికి పట్టీ అతికిస్తే ఆ చోట మెలి తిరగడం ఆగిపోతుంది. అప్పుడు ఆ బలమంతా పోయి పట్టీ చివర పడుతుంది, అక్కడ చీలుతుంది. పైగా ఇది మీరు లారీలకు వాడిన ఇనుము కాదు. దీనికి లెక్క ప్రకారం వేడి పెట్టి, చల్లార్చి బలం తెప్పిస్తారు. వెల్డింగ్ రాడ్డు వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది. కమాన్ పట్టీలు కూడా ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి.

బాలప్ప మామ దగ్గరికి బండిని తీసుకుపోవద్దు. తీసుకుపోలేదని ఒక్క మాట రాయి నాయినా. అన్న రోజంతా ఆ బండిలోనే కూర్చుంటాడు.

చుక్క సంగతి చదివి కాగితం చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను. పాస్టరు గారు కూడా వంగి చూశారంటే నాకు ఏం రాయాలో తోచడం లేదు.

అమ్మకు ముద్దులు.
దయ.


కంది,
14 ఏప్రిల్ 2002.

నా తల్లి దయావతికి,

ఇక్కడ అందరం సుఖం. బండి మన ఇంట్లో మనిషి అయిపోయింది. వారంలో నాలుగు రోజులు జిన్నారం ఫ్యాక్టరీలకు డ్రమ్ములు, రెండు రోజులు కూరగాయలు. ఆదివారం మాత్రం మీ అమ్మది. చర్చికి పక్క వాడకట్టు ఆడవాళ్లందరినీ డాలాలో ఎక్కించుకుని, తాను ముందు సీట్లో కూర్చుని పోతుంది.

బండి గట్టిదనం చెబుతాను విను. మొన్న ఐలన్న బర్రె తాడు తెంపుకుని వచ్చి మన బండి తలుపును తలతో కుమ్మింది. మేమందరం పరుగెత్తాం. తలుపుకు గోటితో గీరినంత గీత. బర్రె మాత్రం కొద్దిసేపు ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగింది. సాయంత్రం పాలు తక్కువిచ్చిందని ఐలన్న నాతో కొట్లాటకు వచ్చాడు. "నీ బిడ్డ బండిని ఏం పెట్టి చేసిందయ్యా?" అని అడిగాడు. నాకు ఆ మాటతో ఆ పూట అన్నం అక్కరలేకపోయింది.

చెరువు మట్టిలో ట్రాలీ దిగబడితే మన పికప్పే బయటికి లాగింది. పొగ లేదు, ఆయాసం లేదు. బీరంగూడ గుట్ట దగ్గర ఎత్తు మీద నిండు లోడుతో ఆపి, మళ్లీ ఎత్తుకున్నాడట మీ అన్న, ఒక్క అడుగు వెనక్కి జారలేదట. రోజూ ఇంటికి రాగానే ఇట్లాంటివి ఒకటి చెబుతాడు. ఒకటే చెప్పినా నాలుగుసార్లు చెప్పించుకుంటాను.

ఎండలు ఎక్కువ. నువ్వు మజ్జిగ తాగుతున్నావా లేదా?

మీ అమ్మ పక్కనే కూర్చుని ఇది కూడా రాయమంటున్నది. "మీ నాయిన నిన్ను తప్పించుకుంట రాస్తుండు, గట్టిగ అడుగు బిడ్డా." రాయకపోతే ఊరుకోదు, బైబిలు చదివే మనిషి, కాగితం తీసుకుని చూస్తుంది. ఆమె మాటలు ఏం పట్టించుకోకు.

మీ నాయిన.


పూణె,
2 మే 2002.

నాయినా,

బర్రె సంగతి చదివి నవ్వాను. ట్రాలీ సంగతి చదివాను, గుట్ట సంగతి చదివాను. నేను అడిగినదానికి జవాబు ఎక్కడుందో మూడుసార్లు వెతికాను.

అతికించారా, లేదా?

దయ.


కంది,
9 జూన్ 2002.

బిడ్డా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

అతికించాను. నువ్వు వద్దని రాసిన ఉత్తరం వచ్చేసరికే పని అయిపోయింది. నీకు మొదటి ఉత్తరం వేసిన రెండోనాడే బాలప్ప దుకాణానికి తీసుకుపోయాం. వెల్డింగ్ మిషన్ మాత్రమే బాలప్పది. రాడ్డు పట్టింది నేనే. వాడు నేను చేస్తానన్నా ఇవ్వలేదు. నా బిడ్డ చూసి పంపిన బండి కదా, దానికి నా చేయి కూడా తగలాలని ఆశపడ్డాను. రెండు వైపులా మూరెడేసి పట్టీ అతికించాను. కమాన్ పట్టీలు కూడా రెండు ఎక్కువ వేయించాను. నీ ఉత్తరం చదివినంక చెప్పే ధైర్యం లేక బర్రె కథలు రాశాను.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి బండి కింద తుడుస్తుంటే, ఎడమవైపు నా పట్టీ అయిపోయిన చోట తలవెంట్రుకంత గీత కనబడింది. గీత పొడుగునా ఎర్రగా తుప్పు పొడి. గోరు పెట్టి గీస్తే గోరు చిక్కుకుంది. నువ్వు ఎక్కడ చీలుతుందని రాశావో సరిగ్గా అక్కడే. ఆ ముందురోజే మీ అన్న నిండా డ్రమ్ములతో జిన్నారం పోయి వచ్చాడు.

బండి తాళం తీసి బియ్యం డబ్బాలో దాచిపెట్టాను. మీ అన్నకు గీత చూపించాను గానీ, ఈ చిన్నదానికి పని ఆపుతావా అని నాతో మాటలు బంద్ చేశాడు. వాడికి పెండ్లాం, ఇద్దరు పిల్లలు. డ్రమ్ముల పని ఇంకొకడు ఎత్తుకుపోతాడని వాడి భయం. అదీ నిజమే.

బాలప్ప వచ్చి చూసి ఉపాయం చెప్పాడు. "బర్నన్నా, నీ పట్టీ కోసేద్దాం. గ్రైండర్‌తోని సాఫ్ చేసి నల్లరంగు కొడదాం. కంపెనీ మాలే ఫెయిలయిందని బండి తోలుకపో, కొత్త చాసీ వాళ్లే ఏస్తరు. ఎవలు అడుగుతరు?" మీ అన్నకు ఆ మాట నచ్చింది. గారంటీ ఉండగా మనమెందుకు మునగాలి అన్నాడు.

నేను ఒక్కటే చెప్పాను. వాళ్లు నంబరు చూస్తారు. ఆ చుక్క పెట్టిందెవరో చూస్తారు. దయావతి సరిగ్గా చూడకుండా పంపిందని రాసుకుంటారు. మీ అన్న తల దించుకున్నాడు, అయినా ఒప్పుకోలేదు. నిజం చెబితే గారంటీ పోతుంది, బండి ఎన్నాళ్లు ఆగుతుందో తెలియదు. చెప్పకపోతే నీ పేరు పోతుంది. నీ చుక్క ఉన్న బండి మీద నేను అబద్ధం ఎక్కించలేను బిడ్డా.

లేకపోతే ఆ గీత మీద ఇంకొక పట్టీ వేసి ఊరుకుందామా? ఎవరినీ అడిగే పని ఉండదు. చేయి ఊరికే ఉండడం లేదు. ఏది చెబితే అది చేస్తాను, జల్దీ రాయి.

తప్పు చేసిన మీ నాయిన.


పూణె,
15 జూన్ 2002.

నాయినా,

ఇంకో పట్టీ వేయవద్దు. రాడ్డు ముట్టుకోవద్దు. తాళం బియ్యం డబ్బాలోనే ఉండనీ. బండిని ఖాళీగా కూడా నడపవద్దు, లాగించుకుని పోవాలి. గీత కనిపెట్టావు చూడు, అది చాలు నాకు. తుడిచేవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా కనబడదు. అన్నకు ఏమీ కాలేదు. మిగతాది ఇనుము సంగతి.

ఇప్పుడు నేను చెప్పవలసినది ఒకటి ఉంది. ఆ చుక్క నాది కాదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే రిజిస్టరు తీసి నంబరు చూశాను. ఆ చాసీ మా బల్ల మీదికి వచ్చిన రోజు నేను జ్వరంతో సెలవులో ఉన్నాను. నా బదులు నిలబడింది కనకమహాలక్ష్మి. శ్రీకాకుళం అమ్మాయి, నా తర్వాత చేరింది, ఒకే గదిలో ఉంటాం. రాయాలని కూర్చున్నాను. కానీ ప్రార్థన ఆపి మరీ చెప్పావని, ఐలన్నకు కూడా చూపించావని ఉంది. చేయి రాలేదు. నువ్వు దాచావని నీ ఉత్తరం మూడుసార్లు వెతికాను, నేను మాత్రం మొదటి రోజు నుంచీ దాచాను.

నా పేరు కోసం వెనుకాడుతున్నావని రాశావు. కాబట్టి తెలియాలి. మీరు గ్రైండర్ పట్టినా, రంగు కొట్టినా నాకు ఏమీ కాదు. కనకమహాలక్ష్మికి అవుతుంది. ఈ ఆగస్టులో ఆమెను పర్మనెంటు చేయాలా వద్దా అని చూస్తున్నారు. పగిలిన చాసీ ఒక్కటి ఆమె పేరు మీద వస్తే ఇంటికి పంపేస్తారు.

ఇది నేను ఆమెకు చెప్పలేదు. నిన్ను ఇట్లా చేయమనీ చెప్పను. బండి మీది, పని అన్నది, నష్టం మీది. ఆలోచించుకో.

నీ మీద కోపం లేదు. నా మీద నీకు ఉంటే రాయి.

దయ.


కంది,
21 జూలై 2002.

నా బంగారు తల్లికి, మీ నాయిన వెయ్యి ముద్దులు.

కోపం లేదు బిడ్డా. ఆ రోజు మాత్రం మనసు చిన్నబోయింది, లేదని ఎందుకు చెప్పాలి. నీ ఉత్తరం పట్టుకుని పోయి బండి డాలాలో కూర్చున్నాను. మీ అమ్మ వచ్చి కాగితం తీసుకుని మొత్తం చదివింది. చదివి, "ఆ పిల్లను గూడ ఎవలో కన్నరు గదా" అంది, కాగితం నా ఒళ్లో పెట్టి పోయింది.

మీ అన్నకు కూడా చదివి వినిపించాను. పొద్దున లేచేసరికి మీ అన్న ఐలన్నను ట్రాక్టరుతో సహా పిలుచుకొచ్చి బండికి గొలుసు కడుతున్నాడు. నేను అడగలేదు, వాడే తెచ్చాడు. కొత్త పికప్పును పాత ట్రాక్టరుతో లాగించుకుంటూ హైవే మీద పటాన్‌చెరు దాకా పోయాం. తెలిసినవాళ్లందరూ ఆ రోజే దారిలో కనబడ్డారు. ఐలన్న మాత్రం చేయి ఊపుకుంటూ పెళ్లి ఊరేగింపులాగా తోలాడు.

కంపెనీ వర్కుషాపులో ఒక చిన్న వయసు ఆఫీసరు బండి కిందికి దూరి, లైటు వేసి చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. మీ అన్న నా మొహం చూశాడు. నేను చెప్పాను.

"నేనే చేసిన సారూ. కంపెనీ మాల్ల తప్పు లేదు. పసుపు చుక్క పెట్టిన పిల్ల మంచిగనే చూసి పంపింది. గది గూడ రాసుకోండ్రి."

ఆయన రాసేది ఆపి నా దిక్కు చూశాడు. ఇక్కడికి అందరూ నల్లరంగు కొట్టుకుని వస్తారు పెద్దాయనా, నువ్వే మొదటివాడివి అన్నాడు. మళ్లీ ఒకసారి వంగి చూసి, వెల్డింగ్ చాలా బాగుంది, పెట్టిన చోటే బాగాలేదు అన్నాడు. అది పొగడ్తో తిట్టో గానీ ఇప్పటికీ రోజూ గుర్తొస్తుంది.

గారంటీ పోయింది, ఖర్చు మనదే. నెలరోజులు మీ అన్న వేరేవాళ్ల బండి నడిపాడు. డ్రమ్ముల పని పోలేదు, జిన్నారం వాళ్లు ఆగారు. అతికించిన పట్టీ తీయాలన్నప్పుడు నేనే తీస్తానని ఆఫీసరును బతిమాలాను. ఆయన పక్కన నిలబడి, అసలు చాసీకి గ్రైండర్ తగలకుండా ఎట్లా తీయాలో చూపించాడు. రెండు రోజులు పట్టింది. నా వెల్డింగ్ అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు, తీయలేక చచ్చాను. తర్వాత వాళ్లు గీత కొనకు రంధ్రం వేసి చీలిక ఆపి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముక్కను నట్లు బోల్టులతో బిగించారు. ఎక్కువ వేసిన కమాన్ పట్టీలు కూడా తీసేశారు. ఇప్పుడు బండి మెత్తగా పోతుంది. టమాటలు నలగడం లేదు. మీ అమ్మ నడుము నొప్పి అనడం మానేసింది, ఇన్నాళ్లూ అది వయసు అనుకుంది.

పోయిన ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఆ చుక్క నా బిడ్డది కాదు, శ్రీకాకుళం పిల్ల కనకమహాలక్ష్మిది అని అందరికీ చెప్పాను. పట్టీ అతికించింది నేనేనని కూడా చెప్పాను. ఆడవాళ్లు కొందరు నవ్వారు. పాస్టరు గారు ఆ పిల్ల ఉద్యోగం కోసం ప్రార్థన చేశారు. పేరు రెండుసార్లు తడబడి మూడోసారి సరిగ్గా అన్నారు. ఆమెకు ఈ మాట చెప్పు, నవ్వుకుంటుంది. ఆగస్టులో ఏమైందో కూడా రాయి, ఇక్కడ అందరూ అడుగుతారు.

ఇప్పుడు ఒక అర్జంటు పని. ఈ ఉత్తరం బాలప్ప దుకాణంలో కూర్చునే రాస్తున్నాను. జిన్నారం సంగయ్య అని ఒకాయన మొన్న కొత్త పికప్పు తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఇటుకలు మోస్తాడట. పట్టీ కొలిచి కోసి కూడా పెట్టుకున్నాడు బాలప్ప. నన్ను ఇన్ని రోజులూ ఎగతాళి చేసినవాడు, రాడ్డు పట్టుకుని బండి కిందికి పోయి, ఊరికే బయటికి వచ్చాడు. "బర్నన్నా, జెర బిడ్డను అడుగు. ఇటుకలకు గూడ వద్దంటదా?" అన్నాడు. ఫ్యాక్టరీ నుంచి జవాబు వచ్చేదాకా చేయనని సంగయ్యకు చెప్పేశాడు. సంగయ్య కోపంతో బండి తీసుకుపోతానన్నా, ఆలోచించుకుని ఆగాడు. ఇప్పుడు ఇద్దరూ నా భుజాల మీది నుంచి తొంగి చూస్తున్నారు, నేను సరిగ్గా అడుగుతున్నానా లేదా అని.

ఎన్ని ఇటుకలు వేయవచ్చో, ఏది ముట్టుకోకూడదో బొమ్మ గీసి, పెద్ద అక్షరాలతో రాసి పంపు. బాలప్పకు కళ్లు సరిగ్గా కనబడవు. నీ ఉత్తరం వచ్చేదాకా మిషన్ బంద్ పెట్టుకుని కూర్చుంటానంటున్నాడు.

మీ నాయిన బర్నబా.